గండిపేట నీళ్లు గండిపేటలో పుట్టవు: అపోహలు - వాస్తవాలు

పరీవాహక ప్రాంతాల, అంటే ఏ నేల మీది వాన ఏ జలాశయానికి చేరుతుందో ఆ నేలల, మ్యాపులు గీయడం నా పని. హైదరాబాద్‌కు ఎగువన మూసీ నది మీద ఉన్న ఉస్మాన్‌సాగర్ జలాశయాన్నే అందరూ గండిపేట అంటారు. ఏ పెళ్లికి వెళ్లినా ఎవరో ఒకరు "ఈసారి గండిపేట నిండుతుందా?" అని అడుగుతారు. నేను నోరు విప్పేలోపు వాళ్లే ఓ సిద్ధాంతం చెప్పేస్తారు. తరచుగా వినేవి ఇవి.

అపోహ: వాన దంచికొడితే జలాశయం నిండాల్సిందే.

అమీర్‌పేటలో మోకాలి లోతు నీళ్లు నిలిచినా గండిపేటకు చుక్క చేరదు. నగరం దానికి దిగువన ఉంది. అనంతగిరి కొండల నుంచి శంకర్‌పల్లి దాకా కురవాలి. కురిసినా, బీటలు తీసిన నేల ముందు తాను తాగి, మిగిలిందే వదులుతుంది. ఒకప్పుడు వానలు వెలిశాక కూడా ఊట వాగులోకి దిగుతూ ఉండేది. రాతి మీది మెత్తని పొరలో నిలిచే ఆ నీటిని ఇప్పుడు బోర్లు లాగేస్తున్నాయి. చెక్‌డ్యాములు కట్టి, ఇంకుడుగుంతలు తవ్వితే గండిపేట నిండుతుందనే వాళ్లూ ఉన్నారు. అవి రైతుకు మేలే, కాదనను. కానీ అక్కడ ఆగిన నీళ్లు మళ్లీ ఇక్కడికి ఎలా వస్తాయి?

అపోహ: నీళ్లు పారని వాగు వాగే కాదు.

ఒక వేసవిలో మొయినాబాద్ వైపు ఓ వెంచర్‌లో నిలబడ్డాను. గ్రామ నక్షలో అక్కడ రెండు గీతల వాగు ఉంది. ఎదుట మాత్రం సున్నం పూసిన హద్దురాళ్లు, మొరం రోడ్డు, దాని కింద రెండడుగుల తూము. వెంట వచ్చిన పెద్దాయన చెప్పు కాలితో మట్టి గీరాడు. నాలుగు వేళ్ల లోతున ముతక ఇసుక, అరిగి గుండ్రబడ్డ గులకరాళ్లు. "వాగు ఎటూ పోలేదు సార్, మొరం కింద పడుకుంది" అన్నాడు.

థార్ ఎడారిలోనూ ఇంతే: ఎండిన వాగు దారినే వరద తిరిగొస్తుంది. 2006 ఆగస్టులో బాడ్మేర్ జిల్లాలోని కవాస్ ఊరు నీట మునిగింది. నేల అడుగున జిప్సం పొర ఉండటంతో నీళ్లు ఇంకక, వారాల తరబడి నిలిచిపోయాయి.

అపోహ: గొలుసుకట్టు చెరువులుంటే వరద రాదు.

ఒకటి నిండితే దాని కింది దానిలోకి పారే చెరువుల వరుసే ఈ గొలుసు. మామూలు వానకు ఈ మాట నిజమే. 1908 సెప్టెంబరు 28న మాత్రం ఆ గొలుసే హైదరాబాద్‌ను ముంచింది. ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య లెక్క ప్రకారం మూసీ పరీవాహకంలో 788 చెరువులుంటే 221 తెగాయి. పై కట్ట తెగితే ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా కింది కట్ట మీద పడతాయి. అందుకే ఉస్మాన్‌సాగర్ (1920), దాని జంట హిమాయత్‌సాగర్ (1927) కట్టారు. అవి ముందు వరదను ఆపడానికి, ఆ తర్వాతే తాగునీటికి. చాలామందికి ఇది తలకిందులుగా తెలుసు.

అపోహ: గేట్లు ఎత్తడం వల్లే వరద.

గేటు నీళ్లను పుట్టించదు. ఎప్పుడు ఎత్తారు, ఎంత ఎత్తారు అన్నది వేరే ప్రశ్న. అది అడగాల్సిందే.

అపోహ: కృష్ణా, గోదావరి నీళ్లు వచ్చాక ఈ జంట జలాశయాలెందుకు?

ఆ నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా పంపుల మీద ఎక్కి రావాలి. గండిపేట నీళ్లు వాలు వెంట వాటంతటవే నగరంలోని ఆసిఫ్‌నగర్ నీటిశుద్ధి కేంద్రానికి చేరతాయి. కరెంటు బిల్లు కట్టేవాళ్లకు ఈ తేడా బాగా తెలుసు.

ఈ జంట జలాశయాల కోసమే 1996లో 111 జీవో 84 గ్రామాల్లో కట్టడాలకు కళ్లెం వేసింది. 2022లో 69వ జీవో ఆ కళ్లేన్ని వదులు చేసింది. అప్పటి నుంచి పెళ్లిళ్లలో ప్రశ్న మారింది. "గండిపేట దగ్గర ప్లాటు కొనొచ్చా?" అంటున్నారు. ముందు గ్రామ నక్ష పట్టుకురమ్మంటున్నాను.