రిపోర్టు నార్మల్ వచ్చిందని మాత్ర ఆపేశారా?

"రిపోర్టు నార్మల్ వచ్చింది కదండీ, ఇంక మాత్ర ఎందుకని మానేశానండీ." అమలాపురం దగ్గర మా క్లినిక్‌లో వారానికి ఇద్దరు ముగ్గురైనా ఈ మాట అంటారు. మొన్న వచ్చిన కొబ్బరి రైతుకు రెండేళ్ల కిందట స్టెంట్ వేశారు. సంక్రాంతికి ముందు ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 62, ఇప్పుడు 141. రిపోర్టులు తెచ్చిన బట్టలకొట్టు సంచి అడుగున కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రల అట్టలు రెండు, ఒక్క బిళ్ళ కూడా తీయకుండా ఉన్నాయి.

వాట్సాప్‌లో చూశారట: "ప్రతి కణానికీ కొలెస్ట్రాల్ కావాలి, ఆ మాత్రతో మెదడు ఎండిపోతుంది" అని. మొదటి సగం నిజం, అందుకే జనం నమ్ముతున్నారు. కణం పొర అంటే ఫాస్ఫోలిపిడ్లు అనే కొవ్వు అణువులు రెండు వరసలు, మందం 5 నానోమీటర్లకు అటూ ఇటూ. వాటి మధ్య కొలెస్ట్రాల్ కూర్చుని పొరను మరీ వదులవకుండా, మరీ బిగుసుకోకుండా చూస్తుంది. పైత్యరసంలోని లవణాలు, ఈస్ట్రోజెన్, టెస్టోస్టెరాన్ తయారయ్యేదీ దాన్నుంచే.

రెండో సగమే ప్రాణం మీదికి తెస్తోంది. మెదడు తనకు కావలసిన కొలెస్ట్రాల్‌ను దాదాపు అంతా తనే చేసుకుంటుంది, రక్తంలోని ఎల్‌డీఎల్ మీద ఆధారపడదు. స్టాటిన్ ముఖ్యంగా పనిచేసేది లివర్‌లో. అక్కడ తయారీ తగ్గేసరికి లివర్ కణాలు పొర మీద రిసెప్టర్లు, అంటే ఎల్‌డీఎల్‌ను పట్టుకునే కొక్కేల్లాంటివి, పెంచుకుని, రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్‌ను లోపలికి లాక్కుంటాయి. ఈ రిసెప్టర్ల పని కనిపెట్టినందుకే అమెరికా శాస్త్రవేత్తలు బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. మాత్ర ఆపితే కొన్ని వారాల్లోనే అంతా మొదటికొస్తుంది. ఆ 62 మాత్ర పుణ్యమే.

"వరదకు ఊళ్లోకి నీళ్లు రాలేదని ఏటిగట్టు తవ్వేసుకుంటామాండీ?" అని కాస్త గట్టిగానే అడిగాను. ఆయన తల దించుకుని, "తొడలు పీకేస్తున్నాయండీ, చెబితే తిడతారని..." అన్నారు. అసలు సంగతి అదీ. మాత్ర వల్ల కండరాలు దెబ్బతిన్నాయేమో చూసే సీకే రక్తపరీక్ష చేయించి వేరే స్టాటిన్‌కు మార్చాను. ఆరు వారాలకు మళ్లీ రమ్మన్నాను. నొప్పులుంటే చెప్పండి, మార్చడానికి దారులున్నాయి. మా నాన్నగారూ ఇలాగే చెప్పకుండా మానేశారు. ఇంట్లో డాక్టరునై ఉండి నాకు ఆరు నెలలకు గాని తెలియలేదు, ఆ బాధ ఇంకా పోలేదు.

మిగతావి చిన్న సంగతులు. కొబ్బరినూనె డబ్బా మీద "కొలెస్ట్రాల్ లేదు" అని ఉంటుంది. ఏ మొక్క నూనెలోనూ లెక్కకొచ్చేంత ఉండదు. కానీ కొబ్బరినూనెలో 80 శాతం పైగా శాచురేటెడ్ కొవ్వే, అది ఎల్‌డీఎల్‌ను పెంచుతుంది. నూనె పూర్తిగా మానేసి, మూడు పూటలా అన్నం, పైన నాలుగు పూతరేకులు తింటే రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు దిగవు.

ఇంకొకటి, ఇంట్లో పెద్దాయనకు కొలెస్ట్రాల్ ఉందని ఏడాది బిడ్డ ముద్దపప్పులో నెయ్యి ఆపకండి. మెదడు పెరిగే వయసు, కొవ్వు కావాలి.