రెండు మూడు హెచ్‌పీవీలు ఒకేసారి ఉంటే?

‘హై రిస్క్ హెచ్‌పీవీ పాజిటివ్: 16, 52, 58’. హెచ్‌పీవీ అంటే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే హ్యూమన్ పాపిలోమా వైరస్, ఆ అంకెలు దాని రకాలు. ఇలాంటి రిపోర్టు చేతికొస్తే ఎవరికైనా గుండె జారుతుంది. ఒకటుంటేనే టెన్షన్, మూడంటే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముప్పు మూడింతలా? పరిశోధకులకూ ఈ అనుమానం వచ్చింది. కాకపోతే చాలాకాలం దాన్ని అడిగి తేల్చుకునే సాధనమే వాళ్ల దగ్గర లేదు.

1970లలో ఈ క్యాన్సర్ నేరం హెర్పిస్ వైరస్ మీద ఉండేది. జర్మనీకి చెందిన హరాల్డ్ జుర్ హౌజెన్ మాత్రం అసలు దోషి పులిపిర్ల జాతి వైరస్, అంటే హెచ్‌పీవీ అని పట్టుబట్టాడు. ఆయన బృందం 1983లో 16వ రకాన్ని, 1984లో 18వ రకాన్ని కణితుల్లో పట్టుకుంది. 2008లో ఆయనకు నోబెల్ వచ్చింది. 1951లో చనిపోయిన హెన్రియెట్టా లాక్స్ కణితి నుంచి పెంచి, ప్రపంచమంతా ల్యాబుల్లో వాడుతున్న కణాల్లో ఉన్నదీ 18వ రకమే. అప్పటి పద్ధతులకు డీఎన్‌ఏ దండిగా కావాలి కాబట్టి, ఎక్కువగా ఉన్న రకమే కంటబడేది. ఒక కణితికి ఒక వైరస్ అన్న లెక్క అలా కుదిరిపోయింది.

కొద్దిపాటి డీఎన్‌ఏను కూడా లక్షల నకళ్లుగా పెంచి చూపించే పీసీఆర్ పద్ధతి వచ్చాక ఆ లెక్క చెదిరింది. 1990ల చివరికి సన్నటి పట్టీల మీద రకాల వారీగా పరీక్ష చేయడం మొదలైంది. ఏ రకం ఉంటే దాని చోట ఒక గీత తేలుతుంది. కొందరు స్త్రీల నమూనాల్లో ఒకటికి మించి గీతలు. ముఖ్యంగా చిన్న వయసువాళ్లలో ఇది మామూలు విషయమని తేలింది.

2003లో తొమ్మిది దేశాల సమాచారాన్ని కలిపి చూసిన పరిశోధకురాలు నూబియా మున్యోజ్ బృందానికి, ఒక రకం ఉన్నవాళ్లకూ పలు రకాలున్నవాళ్లకూ క్యాన్సర్ ముప్పులో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 2006లో బ్రెజిల్‌లోని సావో పాలో స్త్రీలపై వచ్చిన అధ్యయనం మాత్రం రకాలు పెరిగేకొద్దీ ముప్పు పెరిగిందని చెప్పింది. రెండూ కొట్టుకుంటున్నట్టు ఉన్నాయి గానీ, కొలిచింది ఒకటే కాదు. మొదటిది క్యాన్సర్‌ను చూసింది, రెండోది అంతకు ముందు దశల్లో కణాల్లో వచ్చే మార్పుల్ని. ఆ మార్పుల్లో చాలావరకు క్యాన్సర్ దాకా వెళ్లవు.

నా దృష్టిలో ముడి విప్పింది కోస్టారికా. అక్కడి హెచ్‌పీవీ టీకా పరీక్షలో పాల్గొన్న యువతుల వివరాలు 2011లో వచ్చాయి. పలు రకాలున్నవాళ్లకు ముప్పు కాస్త ఎక్కువే. అయితే ఒక్కో రకం విడివిడిగా తెచ్చే ముప్పును కూడితే దాదాపు అంతే వస్తోంది. అంటే వైరస్‌లు కూడబలుక్కుని పనిచేస్తున్నాయనడానికి ఆధారం దొరకలేదు. పక్కపక్కనే ఉన్నా ఎవరి దారి వారిదే.

మరుసటి ఏడాది డచ్ పరిశోధకుడు విమ్ క్వింట్ బృందం ఇంకా దగ్గరికెళ్లింది. మార్పు వచ్చిన చోటును మైక్రోస్కోప్ కింద లేజర్‌తో కత్తిరించి, ఆ చిన్న ముక్కనే పరీక్షించింది. ముఖద్వారం నుంచి బ్రష్‌తో తీసిన నమూనాలో పలు రకాలున్నా, ఆ ముక్కలో దాదాపు ప్రతిసారీ దొరికింది ఒక్కటే. బ్రష్ అంటే వాకిలంతా ఊడ్చిన చీపురు లాంటిది. చెత్తలో వేపాకూ మామిడాకూ రెండూ ఉంటాయి. తెగులు ఏ చెట్టుకుందో చెత్తను చూసి చెప్పలేం.

అందుకే చర్చ ‘ఎన్ని’ నుంచి ‘ఏది’కి, ‘ఎంతకాలం’కి మళ్లింది. ప్రపంచవ్యాప్తంగా ఈ క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి 16, 18 రకాలే కారణం. మన దగ్గరా ప్రధానంగా ఇవే. హైదరాబాద్, మేడ్చల్ ప్రాంతాల నమూనాలతో 2005లో వచ్చిన అధ్యయనంలో, వైరస్ దొరికిన క్యాన్సర్లలో దాదాపు మూడింట రెండు వంతుల్లో 16వ రకం ఉంది. చాలామందిలో ఈ వైరస్ ఏడాది రెండేళ్లలో దానంతటదే పోతుంది. పోకుండా ఏళ్ల తరబడి తిష్ట వేసినదానితోనే పేచీ.

ఇప్పుడు వాడుకలో ఉన్న కొన్ని పరీక్షలు 16, 18లను విడిగా చూపించి, మిగతా పన్నెండు రకాలను కలిపి ‘అదర్ హై రిస్క్’ అని ఒకే గాటన కట్టేస్తాయి. 16 గానీ 18 గానీ ఉంటే సాధారణంగా నేరుగా కాల్పోస్కోపీకి, అంటే ముఖద్వారాన్ని పెద్దది చేసి చూపే పరికరంతో చేసే పరీక్షకు పంపుతారు. ‘అదర్’ అయితే చాలాచోట్ల ముందు పాప్ స్మియర్ (ముఖద్వారం కణాల్లో మార్పులున్నాయేమో చూసే పరీక్ష) చూస్తారు, అది బాగుంటే ఏడాది ఆగి మళ్లీ పరీక్ష. చిక్కల్లా అక్కడే ఉంది. రెండోసారీ ‘అదర్ పాజిటివ్’ అని వస్తే, పాతదే పోలేదో, అది పోయి కొత్తది వచ్చిందో ఆ కాగితం చెప్పదు.