వంతెనకు పైకప్పు ఎందుకు? అపోహలు - వాస్తవాలు

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో పాత చెక్క వంతెనలను పరీక్షించి మరమ్మతు చేయించడం నా పని. ఒక్క వెర్మాంట్‌లోనే పైకప్పు ఉన్న చెక్క వంతెనలు సుమారు 100 ఉన్నాయి. శరత్కాలంలో ఆకుల రంగులు చూడడానికి వచ్చే మనవాళ్లు వాటి ముందు ఫోటోలు దిగుతూ నన్ను చాలా అడుగుతారు. తమకు తోచిన జవాబులూ చెబుతారు. వాటిలో కొన్ని ఇవి.

అపోహ: మంచు పేరుకోకుండా కప్పు వేశారు.

వాస్తవం: చలికాలంలో ఇక్కడివారు చక్రాలు లేని జారుడు బళ్లలో తిరిగేవారు. ఉత్త చెక్క మీద ఆ బళ్లు కదలవు. అందుకని ఊరివాళ్లు కూలి ఇచ్చి మరీ బయటి మంచును పారలతో వంతెన లోపలికి పోయించేవారు!

అపోహ: ఏటిని చూసి గుర్రాలు బెదరకుండా, బాటసారులు తలదాచుకోవడానికి కట్టారు.

వాస్తవం: ఆ మేలు జరిగింది కానీ కప్పు వేసింది అందుకు కాదు. వంతెన బరువు మోసేవి రెండు పక్కలా నిలబడిన దూలాల చట్రాలు, అంటే ట్రస్సులు. వాటి అతుకుల్లోకి నీరు దిగితే చెక్క పుచ్చుతుంది. తేమ 20 శాతం లోపు ఉంటే పుచ్చు పట్టదు. మట్టిగోడ నానకుండా మన ఊళ్లలో చూరు కిందికి దించుతారు కదా, ఇదీ అదే తెలివి. ఈ దేశంలో తొలి కప్పు వంతెనగా చెప్పేది 1805 నాటి ఫిలడెల్ఫియా వంతెన. దాన్ని కట్టిన తిమోతి పామర్ లెక్క ప్రకారం కప్పు లేకపోతే పది పన్నెండేళ్లు, ఉంటే ముప్పై నలభై ఏళ్లు. ఆయన తక్కువే అంచనా వేశారు. కనెక్టికట్ నది మీది కార్నిష్-విండ్సర్ వంతెన 1866 నాటిది. దాని మీద ఇప్పటికీ కార్లు వెళ్తున్నాయి.

అపోహ: పల్లెటూరి వడ్రంగులు చేతికొచ్చినట్టు కట్టేశారు.

వాస్తవం: ఈథియల్ టౌన్ అనే వాస్తుశిల్పి 1820లో జల్లి ట్రస్‌కు పేటెంట్ పొందారు. ఏటవాలు పలకలను అల్లికలా దాటించి, కలిసిన ప్రతిచోటా కొయ్య చీలలు దిగగొట్టడం దాని పద్ధతి. భారీ దూలాలు అక్కర్లేదు, మామూలు వడ్రంగులు చాలు. ఆ పద్ధతి వాడినవారి దగ్గర, వంతెన పొడవులో అడుగుకు ఇంత అని ఆయన రుసుము వసూలు చేసేవారు. కార్నిష్‌లో జేమ్స్ టాస్కర్, బేలా ఫ్లెచర్ ఈ పద్ధతికే పలకల బదులు గంట్లు కోసిన దుంగలు వాడి, దాదాపు 450 అడుగుల వంతెనను మధ్యలో ఒకే స్తంభంతో, రెండే అంగల్లో నిలబెట్టారు. అంతకుముందు అక్కడున్న వంతెనలను వరదలు తీసుకుపోయాయి. ద్వారం మీద ఇప్పటికీ హెచ్చరిక ఉంది: గుర్రాలను నడిపించండి, లేదా రెండు డాలర్ల జరిమానా కట్టండి.

అపోహ: ఒక్క ఇనుప ముక్క కూడా ఉండదు.

వాస్తవం: కప్పుకూ పక్క పలకలకూ మేకులే. 1840లో పేటెంట్ పొందిన హౌ ట్రస్ అనే మరో రకంలోనైతే నిలువు కడ్డీలన్నీ ఇనుమే.

అపోహ: చెక్కకు వయసు మీరితే బలం పోతుంది.

వాస్తవం: దాన్ని చంపేది వయసు కాదు, తడి. వంతెన చివర, రాతిగోడ మీద కింది దూలం ఆనే మూల చూడండి. బళ్ల చక్రాలు మోసుకొచ్చిన తడి మట్టి పలకల సందుల్లోంచి జారి అక్కడ కుప్పపడుతుంది. నేను టార్చి పట్టుకుని బోర్లా పడుకుని, మట్టి తీసి, సూదిమొన పనిముట్టుతో పొడుస్తాను. మంచి చెక్కలో మొన పావు అంగుళం దగ్గరే ఆగుతుంది. పుచ్చినదానిలో పిడి దాకా దిగిపోతుంది. పైన 150 ఏళ్ల దూలం సుత్తి దెబ్బకు ఖంగుమంటుంటే, కింద అడుగు మేర చేతికి పొడిపొడిగా రాలడం చూసి నా కడుపు తరుక్కుపోయింది. ఏటా వసంతంలో చీపురుతో ఊడ్చి ఉంటే ఆ దూలం మార్చాల్సిన పనే ఉండేది కాదు.

వరద వేరే సంగతి. 2011లో ఐరీన్ తుపానుకు వెర్మాంట్‌లోని బార్టన్స్‌విల్ వంతెన కొట్టుకుపోయింది. అది 1870 నాటిది. ఊరివాళ్లు కాంక్రీటుకు పోకుండా, మళ్లీ చెక్క జల్లితోనే, మళ్లీ కప్పుతోనే కట్టించుకున్నారు.

ఈసారి ఇటు వస్తే ఫోటో దిగాక ఒక్కసారి వంగి ఆ మూల చూడండి. మట్టి పేరుకుని కనిపిస్తే ఊరి కార్యాలయంలో ఒక మాట చెప్పి వెళ్లండి.