మీరు కొరికి ఉమ్మేసిన కాయ

చిన్నీ, బుజ్జీ,

సంక్రాంతికి వచ్చినప్పుడు డాబా మీద కుండీలోని కాయ కోసి, కొరికి, ఇద్దరూ ఒకేసారి ఉమ్మేశారు చూడండి, అది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తోంది. తప్పు మీది కాదులే. చూడ్డానికి కమలాపండులాగే ఉంటుంది కానీ అది చేదు నారింజ. నేను దాన్ని పెంచేది చూసుకోవడానికే. పండిన కాయ నెలల తరబడి రాలదు. పక్కనే కొత్త పూత వచ్చేస్తుంది. ఆ పూల వాసనకి డాబా దిగబుద్ధి కాదు.

యూరప్ వాళ్లకు మొదట తెలిసిన నారింజ ఇదే, తియ్యటిది చాలాకాలం తర్వాత వెళ్లింది. పేరూ ఇక్కడి నుంచే వెళ్లింది. మన నారంగం పర్షియాలో నారంగ్, అరబ్బులకు నారంజ్ అయింది. ఇంగ్లీషు ఆరెంజ్ దానికి చుట్టమే. స్పెయిన్‌లోని సెవిల్ వీధుల నిండా ఈ చెట్లే. ఆ కాయలు ఎవరూ ఒలుచుకు తినరు, పంచదార వేసి మార్మలేడ్ అనే జామ్ చేస్తారు. ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ ఇలాంటి చెట్లను చెక్కపెట్టెల్లో పెంచి, చలికాలం వాటిని దాచడానికి తన కోట ఉన్న వెర్సాయ్‌లో 1684-86 మధ్య ఏకంగా ఓ భవనమే కట్టించాడు. మనకు ఆ ఖర్చు లేదు!

మనకొచ్చే తిప్పలన్నీ నీళ్లతోనే. నా మొదటి చెట్టుని నేనే చంపుకున్నాను. నేల పాడవుతుందని కుండీ కింద పళ్లెం పెట్టి, రెండు పూటలా నీళ్లు పోశాను. ఆకులు వాడితే దాహమనుకుని ఇంకా పోశాను. తీరా పీకి చూస్తే వేళ్లు కుళ్లిపోయి ఉన్నాయి. ఇప్పుడు ముందు మట్టిలో వేలు దింపి చూస్తాను. తడి తగిలితే ఆ రోజుకి నీళ్లు లేవు. ఎండాకాలంలో రోజూ అడుగుతుంది, ముసురు రోజుల్లో అసలు అక్కర్లేదు. 18 అంగుళాల కుండీ, అడుగున చిల్లులు, ఎర్రమట్టిలో ఇసుక, మాగిన పశువుల ఎరువు, సగం రోజు ఎండ. అంతకన్నా ఏమీ అడగదు.

ఆకు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదని అర్థం. మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, దానివల్ల మట్టిలో ఇనుమున్నా చెట్టు తీసుకోలేదు. అందుకే వాననీళ్లు పట్టి పోస్తుంటాను.

ఆకుల మీద పిట్ట రెట్టలాంటిది కనిపిస్తే తుడిచేయకండి. అది సీతాకోకచిలుక పురుగు! పెద్దదయ్యాక పచ్చగా మారుతుంది. వేలితో తాకితే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు బయటపెట్టి బెదిరిస్తుంది, కంపు కూడా కొడుతుంది. నేనైతే రెండింటిని ఉంచి మిగతావి తీసేస్తాను.

తడిగుడ్డలో చుట్టి పది గింజలు పంపుతున్నాను. ఎండితే మొలవవు, అందిన రోజే నాటండి. ఒక్కో గింజకు రెండు మూడు మొక్కలు రావచ్చు, కొట్టుకోకండి. కాయ కావాలంటే మాత్రం బుజ్జిగాడు ఇంటర్‌కి వచ్చేదాకా ఆగాలేమో.

మీ తాతయ్య