పాదసూచిక వెనుక కథ: కొలిచెలమ నుంచి కేయూ దాకా

థీసిస్ సబ్మిట్ చేసే గడువు దగ్గరపడితే హనుమకొండ డీటీపీ సెంటర్లలో స్కాలర్లు ఒకరినొకరు అడిగే మొదటి ప్రశ్న "ఎంత శాతం వచ్చింది?" అని. మార్కుల సంగతి కాదది, మన రాతకు ఇతరుల రాతలతో ఉన్న పోలిక, సాఫ్ట్‌వేర్ తేల్చిన శాతం. పది లోపు వస్తే హమ్మయ్య అనుకుంటారు. పద్నాలుగో పదహారో వస్తే టెన్షన్ మొదలు. రాత్రికి రాత్రి వాక్యాలు తిప్పి రాస్తారు, ఒక మాట తీసి దాని పర్యాయపదం పెడతారు. ఈ మాట ఎవరిది, మనం ఎక్కడి నుంచి తెచ్చుకున్నాం అన్న ప్రశ్న మాత్రం ఆ హడావిడిలో ఎవరికీ గుర్తుకు రాదు.

తెలుగు పరిశోధక విద్యార్థుల రాతప్రతులు నేను చాలా ఏళ్లుగా చూస్తున్నాను. ఒక అబ్బాయి తన అధ్యాయంలో ఉదాహరించిన పద్యాలన్నీ తీసేసి, వాటి భావాన్ని సొంత వచనంలో రాసుకొచ్చాడు. కారణం అడిగితే, పద్యాలుంటే శాతం పెరుగుతుందట సార్ అన్నాడు. పద్యంతో పాటు కవి పేరు, ఆశ్వాసం, పద్యం సంఖ్య కూడా ఎగిరిపోయాయి. దొంగతనాన్ని ఆపడానికి వచ్చిన నిబంధనకు భయపడి, నిజాయితీగా చూపిన మూలాలనే తుడిచేశాడు. నాకు చాలా బాధనిపించింది. అసలు ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చూద్దాం.

పది శాతం అన్న గీత 2018 జులైలో యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) గ్రంథచౌర్యం ఆపడానికి నోటిఫై చేసిన నిబంధనల్లోది. పోలిక పది శాతం దాకా ఉంటే శిక్ష లేదు. పది నుంచి నలభై మధ్య ఉంటే ఆరు నెలలు మించని గడువులో సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి. నలభై నుంచి అరవై మధ్య ఉంటే ఏడాది పాటు సరిదిద్దిన ప్రతి కూడా ఇవ్వడానికి వీల్లేదు. అరవై దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఇంతవరకు అందరికీ నోటికి వచ్చు. అదే నిబంధనల్లో ఇంకో భాగం ఉంది, దాన్ని చదివినవాళ్లు తక్కువ. ఎవరిదో చెప్పి ఉటంకించిన భాగాలను ఈ లెక్కలో కలపకూడదు. ఉపయుక్త గ్రంథసూచి, విషయసూచిక, ముందుమాట, కృతజ్ఞతలు కూడా లెక్కలోకి రావు. చట్టాలకు, ప్రామాణిక సమీకరణాలకు, అందరూ వాడే సాధారణ పదాలకు కూడా మినహాయింపు ఉంది. అంటే ఆ అబ్బాయి పద్యాలు నిక్షేపంగా ఉండొచ్చు. రిపోర్టు తీసేటప్పుడు ఉటంకింపులను వదిలేయమని సెట్టింగు పెడితే సరిపోయేది.

2019లో గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ శోధ్‌శుద్ధి అనే కార్యక్రమం కింద విశ్వవిద్యాలయాలకు ఈ పోలికను పట్టే ఉర్కుండ్ సాఫ్ట్‌వేర్ ఇచ్చింది. తర్వాత దాని స్థానంలో డ్రిల్‌బిట్ వచ్చింది. దేశంలోని సిద్ధాంత గ్రంథాలన్నీ ఒకచోట చేర్చే శోధ్‌గంగను నడిపేదీ ఆ సంస్థే. ఈ సాఫ్ట్‌వేర్లు ప్రధానంగా మాటల పోలికనే చూస్తాయి. ఇతరుల ఆలోచనను పూర్తిగా కొత్త మాటల్లో రాసి పేరు చెప్పకపోతే రిపోర్టులో సున్నా రావచ్చు. అయినా అది చౌర్యమే. పేరు చెప్పి పేజీ అంతా ఉటంకిస్తే శాతం పెరగవచ్చు. అది చౌర్యం కాదు, మహా అయితే సోమరితనం. ఈ తేడా తెలియకుండా శాతం చుట్టూ తిరగడం వల్ల పిల్లలకు ఈ పని ఎందుకో అర్థం కావడం లేదు.

మాట ఎక్కడిదో పుట అడుగున చెప్పే పాదసూచిక పాశ్చాత్యుల సరుకని, మనకు అలవాటు లేదని కొందరు సీనియర్లే అంటారు. నేను ఒప్పుకోను. మెదక్ జిల్లాలో కొల్చారం అనే ఊరుంది. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానాలు రాసిన మల్లినాథసూరి కొలిచెలమ వంశీకుడు. ఆ కొలిచెలమే నేటి కొల్చారమని పండితులు చెబుతారు. ఆయన వ్యాఖ్యానం మొదట్లోనే ఒక ప్రతిజ్ఞ చేశాడు: "నామూలం లిఖ్యతే కించిత్, నానపేక్షితముచ్యతే." మూలం లేనిదేదీ రాయను, అవసరం లేనిదేదీ చెప్పను అని. ఆ మాటకు కట్టుబడ్డాడు కూడా. ఒక పదానికి అర్థం చెబితే వెంటనే "ఇత్యమరః" అంటాడు, అంటే ఇది అమరకోశం మాట అని. ఇంకో నిఘంటువుదైతే దాని పేరు చెబుతాడు. పుట సంఖ్య ఇవ్వలేదు, ఇచ్చే వీలూ లేదు. తాళపత్రాల్లో ఒక ప్రతిలో పదో ఆకు మీదున్న శ్లోకం ఇంకో ప్రతిలో పదమూడో ఆకు మీద ఉండొచ్చు. కాబట్టి గ్రంథం పేరే చిరునామా. అచ్చు వచ్చి, ఒక ముద్రణలోని ప్రతులన్నీ ఒకే పుటలతో ఉండేసరికి పుట సంఖ్య కూడా ఆ చిరునామాలో చేరింది.

యూరప్‌లో 1697లో పియర్ బేల్ అచ్చు వేయించిన నిఘంటువులో అసలు వ్యాసం కంటే కింది వివరణలే ఎక్కువ చోటు తీసుకున్నాయి. రచయిత పేరు, సంవత్సరం కలిపి వాక్యంలోనే చెప్పే పద్ధతిని 1881లో హార్వర్డ్ జంతుశాస్త్రవేత్త ఎడ్వర్డ్ మార్క్ ఒక రకం స్లగ్ గుడ్ల మీద రాసిన పరిశోధనలో వాడాడు. అందుకే దాన్ని హార్వర్డ్ పద్ధతి అంటారు. మూలాలు ఎలా రాయాలో చెప్పే షికాగో మాన్యువల్ 1906లో వచ్చింది. అమెరికా మనోవైజ్ఞానికుల సంఘం 1929లో ఏడు పుటల సూచనలు వేసింది. నేడు మనం ఏపీఏ అనేది అదే, దాని ఏడో కూర్పు నాలుగు వందల పుటలు దాటింది. సాహిత్య విద్యార్థులు వాడే ఎంఎల్ఏ (అమెరికా ఆధునిక భాషల సంఘం) పద్ధతికి మొదటి షీటు 1951 నాటిది. వైద్య పత్రికల సంపాదకులు 1978లో కెనడాలోని వాంకూవర్‌లో కూర్చుని, మూలాలకు వరుస అంకెలు వేసే పద్ధతిని ఖాయం చేశారు.

వీటిలో ఏదీ దేవుడు రాసిన రాత కాదు. ఎవరి శాస్త్రం అవసరానికి తగ్గట్టు వాళ్లు ఏర్పాటు చేసుకున్నవి. సైన్స్‌లో పరిశోధన కొత్తదా పాతదా అన్నది ముఖ్యం కాబట్టి సంవత్సరం ముందుకొచ్చింది. సాహిత్యంలో వాక్యం ఏ పుటలో ఉందన్నది ముఖ్యం కాబట్టి ఎంఎల్ఏలో పేరు పక్కన పుట ఉంటుంది. ఈ సంగతి తెలిస్తే కామాలు, ఫుల్‌స్టాపులు బట్టీ పట్టాల్సిన పని సగం తగ్గుతుంది. వరంగల్‌లో ఇంజినీరింగ్ పిల్లలు చదరపు బ్రాకెట్లలో అంకెలు వేస్తారు, మెడికల్ విద్యార్థులు వాంకూవర్ అంటారు, ఆర్ట్స్ వాళ్లు ఏపీఏ, ఎంఎల్ఏల మధ్య ఊగుతుంటారు. ఏది ఎంచుకున్నా మొదటి పేజీ నుంచి చివరి దాకా ఒకటే ఉండాలి.

మన ప్రాంతంలో ఈ అలవాటు పెరగడానికి పుస్తకాలు దొరకడమే ముందు అవసరమైంది. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకు ఆదరణ లేని రోజుల్లో, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం వెలిసింది. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు మొదలైనవారు విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి చరిత్ర, సైన్స్ పుస్తకాలు తెలుగులో తెచ్చారు. కాకతీయ విశ్వవిద్యాలయం (కేయూ) 1976లో వచ్చింది. దాంతో పరిశోధన ఊరి ముంగిటికి వచ్చినట్టయింది. పరిశోధించాల్సిన మూలాల్లో సగం ఇక్కడి రాళ్ల మీదే ఉన్నాయి.

వేయిస్తంభాల గుడి శాసనం సంగతే చూడండి. నా మొదటి వ్యాసంలో దాని తేదీ 1162 అని రాశాను, ఒక గైడు పుస్తకం చూసి. చదివిన పెద్దాయన ఒకరు "ఇది నీ లెక్కా, పుస్తకం లెక్కా?" అని అడిగారు. జవాబు చెప్పలేకపోయాను. శాసనంలో ఉన్నది శకవర్షం 1084. డెబ్బై ఎనిమిది కలిపితే 1162 వస్తుంది. కానీ తిథి మాఘ మాసంలోది. మాఘం వచ్చేసరికి ఇంగ్లిష్ సంవత్సరం మారిపోతుంది, కాబట్టి సరైనది 1163 జనవరి. శాసనాల పండితుడు ఫ్లీట్ ఈ శాసనాన్ని 1882లోనే ఇండియన్ యాంటిక్వరీ పత్రికలో ప్రకటించాడు. నేను అది చూడలేదు. చూసింది గైడు పుస్తకం, అలాంటప్పుడు పాదసూచికలో గైడు పుస్తకం పేరే ఉండాలి. చూడని ఫ్లీట్ పేరు రాసి ఉంటే తప్పు నాదైనా నింద ఆయన మీద పడేది. ఒకరి పుస్తకంలో ఇంకొకరి మాట దొరికితే, "ఫలానా వారి మాట, ఫలానా పుస్తకంలో ఉటంకించినది" అని రెండూ చెప్పడం అందుకే.

రుద్రమదేవి విషయంలో ఇంకా పెద్ద చిక్కు. పాత పుస్తకాలు ఆమె పాలన 1290ల మధ్య దాకా సాగిందన్నాయి. నల్గొండ జిల్లా చందుపట్లలో పువ్వుల ముమ్మడి వేయించిన శాసనం బయటపడ్డాక, ఆమె 1289 నవంబరు నాటికే శివసాయుజ్యం పొందిందని తేలింది. ఈ రోజు కూడా రెండు తేదీలూ వ్యాసాల్లో పక్కపక్కనే కనిపిస్తాయి. మూలం రాసి ఉంటే ఏది శాసనానికి ముందు మాటో, ఏది తర్వాతి మాటో చదివేవాడు క్షణంలో పోల్చుకుంటాడు. రాయకపోతే రెండూ ఒకే బరువుతో నిలబడతాయి.

తెలుగు పేర్ల దగ్గర మరో తిప్పలు. గ్రంథసూచి తయారుచేసిపెట్టే జోటెరో, మెండలీ లాంటి కంప్యూటర్ సాధనాలకు చివరి మాటే ఇంటిపేరు. ఇంగ్లిష్ వ్యాసంలో కాళోజీ నారాయణరావు "రావు, కె.ఎన్." అయిపోతాడు. అలాంటి రావులు, రెడ్డులు వేలల్లో ఉన్నారు, వెతికేవాడికి ఆయన దొరకడు. తెలుగు సిద్ధాంత గ్రంథాల్లో పాత అలవాటు "నారాయణరావు, కాళోజీ" అని. మన పేర్లలో ఇంటిపేరు ముందే ఉంటుంది కాబట్టి తిప్పాల్సిన పనే లేదని, "కాళోజీ నారాయణరావు" అని పూర్తిగా రాసి క అక్షరం కింద పెట్టడమే మేలని నా అభిప్రాయం. పొడి అక్షరాలు మాత్రం వద్దు.

ఫాంట్లది ఇంకో గోల. ఎన్నో ఏళ్లు మన థీసిస్‌లు అను ఫాంట్లలో టైపయ్యాయి. యూనికోడ్ కాని ఆ అక్షరాలు కంప్యూటర్‌కు తెలుగుగా కనపడవు. స్కాన్ చేసి పెట్టినవైతే ఉత్త బొమ్మలే. వాటిలోంచి పేరా ఎత్తి రాసినా సాఫ్ట్‌వేర్ పట్టుకోలేదు. తెలుగులో తక్కువ శాతం వచ్చిందని సంబరపడేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. ఇప్పుడు ఏఐ కూడా తోడైంది. లేని పుస్తకానికి రచయిత పేరు, సంవత్సరం, పుటలతో సహా నమ్మేలా మూలం తయారుచేసి ఇస్తుంది. అందుకే గ్రంథసూచిలోని ప్రతి పుస్తకాన్నీ చేత్తో పట్టుకుని గానీ తెర మీద తెరిచి గానీ చూశావా అని నేను తప్పకుండా అడుగుతాను.

అన్నిటికంటే నా మనసుకు పట్టింది నోటి మాట సంగతి. వరంగల్ జిల్లా దేవునూరులో పుట్టిన బిరుదురాజు రామరాజు గారు జానపద గేయాల మీద పరిశోధన చేసి, పల్లె పాటకు విశ్వవిద్యాలయంలో చోటు సంపాదించారు. మేడారం సమ్మక్క కథ, కోయల కథాగాయకులైన డోలి కోయల నోట్లో బతుకుతోంది. అలాంటి కథ సేకరించి ఏపీఏ ప్రకారం రాస్తే, మామూలుగా అది "వ్యక్తిగత సమాచారం" కిందికి వస్తుంది. వాక్యంలో ఒకసారి పేరు చెప్పి వదిలేయాలి, గ్రంథసూచిలోకి రానివ్వరు. చదివేవాళ్లు వెతికినా దొరకని దానికి సూచిలో చోటెందుకన్నది వాళ్ల తర్కం. ఆదివాసుల సంప్రదాయ జ్ఞానానికి ఏడో కూర్పులో కొన్ని ప్రత్యేక సూచనలు చేర్చారు గానీ, మన దగ్గర అంతదాకా చదివేవాళ్లు అరుదు. ఫలితంగా కథ విని పుస్తకం వేసినవాడు రచయిత అవుతాడు, కథ చెప్పిన మనిషి మాయమవుతుంది.

నేను మా విద్యార్థులకు వేరే పద్ధతి చెబుతాను. చెప్పినవాళ్ల అనుమతి తీసుకుని పేరు, వయసు, ఊరు, రికార్డు చేసిన తేదీ, చోటు, రికార్డు చేసినవాళ్ల పేరు రాయాలి. ఆ ఆడియో ఎక్కడ దాచారో కూడా రాయాలి. దాన్ని పుస్తకాలతో పాటే అకారాది క్రమంలో పెట్టాలి. మొన్న ఒక అమ్మాయి తెచ్చిన రాతప్రతిలో ములుగు వైపు బతుకమ్మ పాటలు పాడిన ఒక ముసలమ్మ వివరాలు అలాగే ఉన్నాయి. ఆమె ఇంటిపేరు "కు" అక్షరంతో మొదలవుతుంది. అకారాదిలో కాళోజీకీ కొమర్రాజుకీ నడుమ వచ్చింది.