గాజు గొట్టం పగిలితేనే నీళ్లు

ఇంటి సీలింగ్‌కి బిగించిన స్ప్రింక్లర్ హెడ్‌ని, అంటే మంటలొస్తే దానంతటదే నీళ్లు చల్లే పరికరాన్ని, దగ్గర నుంచి చూస్తే, మధ్యలో 3 మిల్లీమీటర్ల మందంతో చిన్న గాజు గొట్టం కనబడుతుంది. లోపల ఎర్రటి ద్రవం, అందులో ఓ గాలి బుడగ. పైపులోని నీళ్లు బయటికి రాకుండా మూతని నొక్కిపెట్టి ఉంచేది ఆ గాజే.

మంట లేస్తే వేడిగాలి పైకెళ్లి సీలింగ్ వెంట పరుచుకుంటుంది. గొట్టంలోని ద్రవం వ్యాకోచిస్తూ ముందు బుడగ జాగాని ఆక్రమిస్తుంది. ఆ తర్వాత ఇక చోటుండదు. దాదాపు 68 డిగ్రీల సెల్సియస్ దగ్గర గాజు ఫట్‌మని పగిలి, మూత ఊడిపోతుంది. దూసుకొచ్చిన నీళ్లు కిందున్న, రంపంలా పళ్లున్న రేకుకి కొట్టుకుని జల్లుగా చెదురుతాయి. దీనికి కరెంటు అక్కర్లేదు, సెన్సర్ అక్కర్లేదు. ద్రవం రంగుని బట్టి పగిలే వేడి తెలుస్తుంది: పసుపైతే 79, ఆకుపచ్చైతే 93 డిగ్రీలు. మామూలుగానే వేడెక్కే అటకల్లాంటి చోట్ల ఇలాంటివి పెడతారు.

పొగకి ఇది పనిచేయదు. పొయ్యి మీద గిన్నె మాడి ఇల్లంతా పొగ కమ్మినా ఉలకదు, పలకదు. సినిమాల్లో లైటర్ వెలిగించగానే బిల్డింగంతా వాన కురుస్తుంది కదా, అది ఉత్త కల్పన. ఏ గాజుకి వేడి తగిలితే అదే పగులుతుంది, పక్క గదిలోది కదలదు. కాబట్టి ఇల్లంతా తడుస్తుందన్న టెన్షన్ అనవసరం.

నాకు అన్నిటికన్నా తెలివైన పని అనిపించేది ఇళ్ల హెడ్‌లు గోడల పైభాగాన్ని కూడా తడపడం. గదిలో మంట పెరిగేకొద్దీ సీలింగ్ కింద వేడి వాయువుల పొర చేరుతుంది. అది 500–600 డిగ్రీలకు చేరితే, దాని వేడికి గదిలో కాలే వస్తువులన్నీ ఇంచుమించు ఒకేసారి అంటుకుంటాయి. దీన్నే ఫ్లాషోవర్ అంటారు. ఇక ఆ గదిలో ప్రాణాలతో మిగలడం అసాధ్యం. జల్లు ఆ పొరనే చల్లబరుస్తుంది: లీటరు నీరు ఆవిరి కావడానికే దాదాపు 2,260 కిలోజౌళ్ల వేడిని లాక్కుంటుంది.

అమెరికాలో అగ్నిప్రమాద భద్రతా ప్రమాణాలు రాసే ఎన్‌ఎఫ్‌పీఏ అనే సంస్థ 1975లో తెచ్చిన 13డీ ప్రమాణం ఇళ్ల స్ప్రింక్లర్ల కోసం రాసినదే. ట్యాంకు పెట్టుకుంటే సాధారణంగా 10 నిమిషాలకు సరిపడా నీరుండాలంటుంది. ఇంట్లోవాళ్లు బయటపడేందుకు వ్యవధి ఇవ్వడమే దాని లక్ష్యం, సోఫాని కాపాడటం కాదు.

అన్నట్టు, సీలింగ్‌కి పెయింట్ వేసేటప్పుడు హెడ్ మీద పడనివ్వకండి. రంగు పూత వేడిని ఆలస్యంగా చేరనిస్తుంది. ఒకసారి పడ్డాక తుడిచేస్తే చాలదు, ఆ హెడ్‌ని మార్చేయాల్సిందే.