బీపీ గుండెలో కాల్షియం ఎక్కడ తడబడింది?

బీపీ వల్ల గుండె వైఫల్యం, అంటే ఒంటికి సరిపడా రక్తం పంపలేని స్థితి, వచ్చినప్పుడు అందులో కాల్షియం పాత్ర ఉందనగానే చాలామందికి ఎముకల కోసం వేసుకునే మాత్రలు గుర్తొస్తాయి. దానికీ దీనికీ సంబంధం లేదు. రక్తంలో కాల్షియం ఎంత ఉందన్నది కాదు ఇక్కడ ప్రశ్న, గుండె కణం లోపలికి అది ఎప్పుడు వస్తోంది, పని అయ్యాక ఎంత త్వరగా వెనక్కి పోతోంది అన్నది.

ఈ కథ 1880ల నాటి లండన్‌లో మొదలైంది. సిడ్నీ రింగర్ అనే డాక్టర్ కప్ప గుండెను ఉప్పునీటిలో పెట్టి గంటల తరబడి కొట్టుకునేలా చేశాడు. తీరా చూస్తే, సహాయకుడు డిస్టిల్డ్ వాటర్‌కి బదులు మామూలు కుళాయి నీళ్లు వాడాడట. నిజంగా డిస్టిల్డ్ వాటర్‌తో చేసి చూస్తే గుండె ఆగిపోయింది. కుళాయి నీళ్లలో ఉన్న కాస్త కాల్షియమే దాన్ని ఆడించిందని 1883లో ఆయన రాశాడు.

ఆ కాల్షియం లోపల ఏం చేస్తుందో తెలియడానికి ఇంకో ఎనభై ఏళ్లు పట్టింది. విశ్రాంతిలో ఉన్న కణం లోపల కాల్షియం బయటికన్నా దాదాపు పదివేల రెట్లు తక్కువ. విద్యుత్ సంకేతం రాగానే కణం పొరలోని ద్వారం గుండా కొద్దిగా లోపలికి వస్తుంది, ఆ కొద్దిపాటిదే కణం లోపల కాల్షియం నిల్వ ఉండే గది (అర) తలుపు తడుతుంది, అప్పుడు అసలు కాల్షియం బయటపడి కండరం ముడుచుకుంటుంది. ఈ రెండు తలుపుల మధ్య దూరం సుమారు 12 నుంచి 15 నానోమీటర్లే. తర్వాత సెర్కా అనే పంపు దాన్ని మళ్లీ అరలోకి తోడేస్తుంది, మనిషి గుండెలో మూడింట రెండు వంతులకు పైగా దీని పనే. అది తోడితేనే గుండె సడలుతుంది, సడలితేనే మళ్లీ రక్తం నిండుతుంది. గుండె జబ్బు అంటే గట్టిగా కొట్టుకోలేకపోవడం అనే అనుకుంటాం గానీ సరిగ్గా సడలలేకపోవడం కూడా అంతే పెద్ద బాధ.

1987లో అమెరికాలో గ్వాత్మీ, మోర్గాన్ బృందం గుండె మార్పిడి చేయించుకున్న రోగుల పాత గుండెల నుంచి సన్నటి కండర పోగులు తీసి, వాటిలోకి జెల్లీఫిష్ నుంచి వచ్చే ఎక్వోరిన్ అనే ప్రోటీన్ ఎక్కించింది. కాల్షియం తగిలితే అది వెలుగుతుంది. జబ్బు పోగుల్లో ఆ వెలుగు తగ్గడానికి చాలాసేపు పట్టింది. అంటే కాల్షియం వెనక్కి పోవడం ఆలస్యమవుతోంది!

అయితే అవి ప్రత్యేకించి బీపీ వల్ల పాడైన గుండెలని కాదు. బీపీ సంగతి తేల్చింది ఎలుకలు. 1997లో గోమెజ్, లెడరర్ బృందం బీపీతో గుండె గోడ మందమైన ఎలుకల కణాలనూ, వైఫల్యం దాకా వెళ్లిన ఎలుకల కణాలనూ విడివిడిగా చూసింది. లోపలికొచ్చే కాల్షియం ప్రవాహం బాగానే ఉంది, నిల్వ అర తలుపులూ బాగానే ఉన్నాయి, కానీ ఒకటి తడితే రెండోది మునుపటిలా తెరుచుకోవట్లేదు. చెడింది ఆ రెండిటి మధ్య పొత్తు అని వాళ్ల అభిప్రాయం. నన్ను బాగా కదిలించిన విషయం ఇంకోటుంది: అడ్రినలిన్ లాంటి మందు తగిలిస్తే గోడ మందమైన గుండె కణాల్లో ఆ లోపం చాలావరకు సర్దుకుంది, వైఫల్యం వచ్చిన కణాల్లో సర్దుకోలేదు. బయటికి గుండె బాగానే ఉందనిపించే రోజుల్లోనే లోపల పొత్తు చెడటం మొదలైందన్నమాట. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ ఊరివాళ్ల గుండె ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం 1996లో చెప్పినదాని ప్రకారం గుండె వైఫల్యం వచ్చినవాళ్లలో 91 శాతం మందికి అంతకుముందే బీపీ ఉంది. బీపీ రావడానికీ వైఫల్యానికీ మధ్య దశలో ఎంత మంది ఉంటారో ఊహించుకోండి.

మందుల చరిత్ర మాత్రం బాధ కలిగిస్తుంది. గుండె నీరసంగా ఉంటే కాల్షియం ఇంకొంచెం పంపిద్దాం అన్నది తేలిగ్గా తట్టే ఆలోచన. మిల్రినోన్ మాత్రలు అదే చేశాయి. 1991లో 1,088 మంది మీద చేసిన పరీక్షలో, ఆ మాత్రలు వేసుకున్నవాళ్లలో మరణాలు 28 శాతం ఎక్కువయ్యాయి. దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టింది స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ డాక్టర్లు. 1975లోనే వాళ్లు గుండెను నెమ్మదింపజేసే బీటా బ్లాకర్లు ఇచ్చి చూశారు. నీరసించిన గుండెకి అలాంటి మందు ఇవ్వకూడదని అప్పట్లో గట్టి నమ్మకం, అందుకే చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 1999 నాటి పెద్ద పరీక్షల్లో అవి ప్రాణాలు కాపాడతాయని తేలింది.

ఇక సెర్కా పంపు జన్యువునే వైరస్ ద్వారా గుండెకి చేర్చే ప్రయత్నం. 250 మందితో చేసిన క్యూపిడ్-2 పరీక్షలో ఉపయోగం కనపడలేదని 2015లో చెప్పారు. కొద్దిమంది గుండె కణజాలం పరిశీలిస్తే ఆ జన్యువు అక్కడికి చేరిందే చాలా తక్కువ. కాబట్టి పంపును బాగుచేస్తే గుండె కోలుకుంటుందా అన్న ప్రశ్నకి ఆ పరీక్ష అవుననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు.